వానాకాలపు మూడాకులు

విశాఖపట్నం విమానాశ్రయానికీ ఒరిస్సాలోని జయపురం విమానాశ్రయానికీ మధ్య దూరమెంత, ప్రయాణకాలమెంత అని పట్టిక తయారుచేసి పంపమంటూ ఎనభై నాలుగు ఆగస్టులో మా ఆఫీసుకు కాగితం వచ్చింది. మాది అరకు లోయలో ఒక పశువుల ఆస్పత్రి. ఎడ్లకు సూదులు పొడిచేవాళ్ళకు విమానాలతో ఏం పని అని నేను పగలబడి నవ్వాను. మా డాక్టరు గణపతిరావుగారు నవ్వలేదు. ప్రభుత్వ కాగితం చూసి నవ్విన పాపాన ఆయన ఎన్నడూ పోలేదు.

"కోడిపిల్లల కోసమయ్యా వరహాలరావూ," అన్నారు. "నవ్వడం అయ్యాక స్కేలు తీసుకుని రా."

సంగతేమిటంటే, కొండ ఊళ్ళలో ఆడవాళ్ళకు మేలుజాతి కోడిపిల్లల్ని ఇచ్చి పెంపకం నేర్పాలని ఒక పథకం వచ్చింది. మొదటి విడత మూడు వందల పిల్లలు. మొదటి ఊరు మద్దిపుట్టు. అరకుకు పడమట, ఒరిస్సా సరిహద్దును ఆనుకుని, కొండ మీద నలభై గడపల ఊరది. పిల్లలు పుట్టేది హైదరాబాదులో. గుడ్డులోంచి బయటపడ్డ పిల్ల, కడుపులో మిగిలిన పచ్చసొన మీద రెండు రోజులు మేతా నీళ్ళూ లేకుండా బతుకుతుంది. ఆ రెండు రోజుల్లోపల ఊరు చేర్చాలి. అందుకే విమానం.

హైదరాబాదు విమానం పొద్దున్న ఏడున్నరకు విశాఖపట్నంలో దిగుతుంది. అరకు మీదుగా కిరండూల్ పోయే పాసింజరు అప్పటికే వెళ్ళిపోయి ఉంటుంది. మర్నాటి రైలు కోసం ఆగితే ఒక రోజు పోయినట్టే. ఆ రోజుల్లో విశాఖపట్నానికీ జయపురానికీ మధ్య మంగళ, శుక్రవారాల్లో ఒక చిన్న విమానం తిరిగేది. అది ఎనిమిదింటికి లేస్తుంది. మద్దిపుట్టు ఈ రెండు విమానాశ్రయాల మధ్యన ఉంది. పిల్లల్ని విశాఖపట్నంలోనే దింపుకోవాలా, జయపురం దాకా తీసుకుపోయి అటునుంచి కొండెక్కించాలా అన్నది పట్టికను బట్టి తేలుతుంది.

పట్టికలు గీయడంలో నన్ను మించినవాడు ఆ చుట్టుపక్కల లేడని నాకు గట్టి నమ్మకం. ఉద్యోగం లైవ్‌స్టాక్ అసిస్టెంటు, జనం పిలిచేది కాంపౌండరుబాబు, సొంతూరు చోడవరం పక్కన. ముప్పై ఏళ్ళవాణ్ణి. చేతికి కొత్త గడియారం. ఎర్రసిరా, నల్లసిరా రెండూ వాడి గళ్ళు గీశాను. గాలిదారిన నూటయాభై కిలోమీటర్లు, నలభై నిమిషాలు. రోడ్డున రెండు వందల ఇరవై, ఎనిమిది గంటలు. రైలున పది గంటలు. దూరానికో గడి, కాలానికో గడి. చూడ్డానికి పెళ్ళి శుభలేఖలా ఉంది.

ఇక జయపురం నుంచి మద్దిపుట్టు. రోడ్డు ఆగిపోయే చోటు దాకా జీపులో రెండు గంటలు. అక్కణ్ణుంచి కాలిదారి. ఆ కాలిదారి ఎంతో నడిచి చూసి రావాలి. రోడ్డు చివరి దాకా వెళ్ళాను కూడా. కానీ అది శ్రావణమాసం. నాలుగు రోజులుగా వదలని వాన. దారి మొదట్లోనే జలగలు బూట్లలోకి ఎక్కాయి. వెనక్కొచ్చి అక్కడున్న ఒకే ఒక్క టీ కొట్టులో కూర్చున్నాను. ఈ మాట డాక్టరుగారికి అప్పుడు చెప్పలేదు.

టీ కొట్టు చూరు కింద సుక్రు కనిపించాడు. మద్దిపుట్టు మనిషే. యాభై ఏళ్ళుంటాయి. సంతకు అడ్డాకుల మోపు తెచ్చి, వానకు ఆగిపోయి ఉన్నాడు.

"మీ ఊరు ఇక్కడికి ఎంత దూరం?" అన్నాను.

"మూడాకులు బాబూ," అన్నాడు.

ఆ కొండల్లో దూరాన్ని ఆకులతో చెబుతారు. బయల్దేరేటప్పుడు మద్దికొమ్మ ఒకటి తుంచి భుజాన వేసుకుంటారు. నడుస్తూ ఉండగా ఆకు వాడి వేలాడిపోతే అది ఒక ఆకు దూరం. అక్కడ ఆగి, కాసేపు కూర్చుని, మళ్ళీ పచ్చికొమ్మ తుంచుకుని లేస్తారు. ఇదంతా నాకు తెలుసు. మా ఆఫీసులో ఒక పాత దస్త్రంలో, దొరల కాలపు గుమాస్తా ఎవరో 'ఆకు అనగా కోసు, కోసు అనగా రెండు మైళ్ళు' అని రాసిపెట్టడం కూడా చూశాను. మూడు ఆకులు ఆరు మైళ్ళు, అంటే పది కిలోమీటర్లు. బరువు మోసుకుంటూ అయినా రెండున్నర గంటలు చాలు. టీ తాగి, ఆ లెక్క సిగరెట్ పెట్టె మీద రాసుకుని అరకు వచ్చేశాను.

నా పట్టిక ప్రకారం ఎనిమిదింటికి విశాఖపట్నంలో లేచిన పిల్లలు మధ్యాహ్నం ఒంటిగంటా పావుకల్లా మద్దిపుట్టులో ఉంటాయి. డాక్టరుగారు కళ్ళజోడు సవరించుకుని రెండుసార్లు చూశారు. "బాగుందయ్యా," అన్నారు. ఆయన నోటినుంచి ఆ మాట ఏడాదికోసారి వస్తుంది. జయపురమే ఖాయమైంది.

పైఆఫీసుల్లో కాగితాలు తిరిగి తిరిగి ఫిబ్రవరి అయింది. మద్దిపుట్టు నుంచి కనక అనే ఆవిడ అరకులో మూడు రోజుల శిక్షణకు వచ్చింది. నలభై ఏళ్ళ మనిషి. ఆ ఊరి ఆడవాళ్ళకు ఆవిడే పెద్ద. కుంపట్లో బొగ్గులు వేసి పిల్లలకు వేడి ఎలా పెట్టాలో, చుట్టూ తడిక ఎలా కట్టాలో నేనే నేర్పాను. ఒకసారి చెబితే పట్టేసింది. చివరి రోజున పథకం షరతు చదివి వినిపించాను. బయల్దేరిన మూడు వందల్లో, ఊరు చేరిన మూడో రోజు సాయంత్రానికి చచ్చినవి ముప్పైకి మించితే ఆ ఊరికి పథకం రద్దు. మేత బస్తాలూ సామానూ అన్నీ ఇంకో ఊరికి వెళ్ళిపోతాయి.

"ముప్పై," అంది కనక. కొంగు ముడి విప్పి చింతపిక్కలు తీసి నేల మీద ముప్పై పేర్చుకుంది. "ఒకటి సస్తే ఒక పిక్క తీసీడమే గదా. పిక్కలయిపోనాక ఇంకోటి సచ్చిందంటే మా పని అయిపోనట్టే."

"అంతే."

"పోయినేడు మేకలిత్తామన్నారు. దారి నేదని కింద ఊరికి ఇచ్చీసినారు. అంతకుముందు బడి అన్నారు. అదీ కిందకే ఎల్లిపోయింది. ఇదీ పోతే మా కొండ ఇంకెవుడూ ఎక్కడు బాబూ."

"ఎక్కడికీ పోదు. నేను లేనూ?"

"ఎప్పుడు తెత్తావు?"

"వచ్చే నెలాఖరు శుక్రవారం. ఒంటిగంటకల్లా కుంపట్లు రాజేసి ఉంచు."

"ఎండల్లోనా?" అని నా మొహంలోకి చూసింది. "జయపురం దారినా?"

"రెండున్నర గంటల నడక. ఎండ ఏం చేస్తుంది?"

ఆవిడ ఏదో అనబోయి ఊరుకుంది. గోడకు అంటించిన నా పట్టిక వైపు చూసింది. ఎర్రగీతలూ నల్లగీతలూ చూసి, ఇంత చదువుకున్నవాడికి తెలియదా అనుకుని ఉంటుంది. పోనీ, ఆవిడ ఆ మాట అని ఉంటే నేను వినేవాణ్ణా అంటే, వినేవాణ్ణి కాదు.

మార్చి ఇరవైతొమ్మిది. జయపురం విమానాశ్రయమంటే అప్పట్లో ఒక రేకుల గది, గాలి ఎటు వీస్తోందో చూపించే గుడ్డసంచి, గడ్డిలోకి జొరబడే ఆవులు, వాటిని తోలడానికి ఒక కాపలావాడు. ఎనిమిదీ నలభై రెండుకు విమానం దిగింది. ఇంజను చప్పుడు ఆగగానే లోపలినుంచి కిచకిచ వినిపించింది. మూడు అట్టపెట్టెలు. ఒక్కో పెట్టెలో నాలుగు అరలు, అరకు పాతిక పిల్లలు. చుట్టూ గాలికి చిల్లులు. ఒక చిల్లులో వేలు పెడితే మెత్తగా పొడిచింది. మూతలెత్తి చూశాను. మూడు వందల్లో ఒక్కటి కూడా చావలేదు. నాకు నా పట్టిక మీద ప్రేమ పొంగుకొచ్చింది.

విమానం నడిపే ఆయన దిగి, రెక్క నీడన నిలబడి ఫ్లాస్కులోంచి కాఫీ పోసుకుంటున్నాడు. మాట కలుపుదామని, తెలిసే అడిగాను.

"విశాఖపట్నం ఇక్కడికి ఎంత దూరం సార్?"

"నలభై నిమిషాలు," అన్నాడు. "ఎదురుగాలి ఉంటే నలభై ఐదు."

"కిలోమీటర్లు?"

"కాగితం చూసి చెప్పాలి."

ఇంత పెద్ద యంత్రం నడిపే మనిషి నూటయాభై అన్న చిన్న అంకె చెప్పలేకపోయాడే అని మనసులో తీసిపారేశాను.

పదీ నలభైకి జీపు రోడ్డు చివరికి చేరింది. సుక్రు, అతని బావమరిది సోంబరు కావిళ్ళతో సిద్ధంగా ఉన్నారు. సుక్రు కావిడికి అటొక పెట్టె ఇటొక పెట్టె. సోంబరు కావిడికి ఒక వైపు పెట్టె, ఇంకో వైపు మేత మూట. మందుల సంచి నాది. జీపు వెనక్కి వెళ్ళిపోయింది.

సుక్రు దారి పక్కనున్న మద్దిచెట్టు నుంచి కొమ్మలు తుంచి మూడు పెట్టెల మీదా కప్పాడు. ఒకటి తన భుజాన దోపుకున్నాడు. నీడగా ఉంటుంది, మంచిదే అని ఊరుకున్నాను.

ముప్పావుగంట నడిచాక ఆగాడు. భుజం మీది ఆకు మెత్తబడి వేలాడుతోంది. పెట్టెలు చెట్టు కింద దించి, మూతలు తీసి, పాత కొమ్మలు పారేసి కొత్తవి తుంచుతున్నాడు. సోంబరు చెలమలోంచి నీళ్ళు తెచ్చి ఆ కొమ్మల మీద చిలకరించాడు.

"ఏమిటిది?" అన్నాను.

"ఒకాకు అయింది బాబూ."

గడియారం చూశాను. నా లెక్కలో ఆకుకు యాభై నిమిషాలు. ఇక్కడ నలభై ఐదే అయింది. అనుకున్నదానికన్నా ముందున్నాం అని సంతోషపడ్డాను. నా తెలివి అలా తెల్లారింది. రెండో ఆకుకూ ఆగారు. పావుగంట పోతే పోయిందిలే అనుకున్నాను. మూడో ఆకు ఒంటిగంటా పది నిమిషాలకు వాడింది. వాళ్ళు కావిళ్ళు దించుతూండగా నేను పరుగులాంటి నడకతో ముందు మలుపు తిరిగాను, ఊరు కనిపిస్తుందని. కొండ. దాని వెనక కొండ. మధ్యలో లోయ. ఎక్కడా గడప కాదు కదా, పొగ కూడా లేదు.

"ఊరేదీ?"

"ఇంకా అయిదాకులుంది బాబూ."

"మూడే అన్నావు! ఆగస్టులో, టీ కొట్టు దగ్గర, నీ నోటితో నువ్వే మూడాకులు అన్నావు!"

"అన్నాను," అన్నాడు సుక్రు, ఏమాత్రం తొట్రుపడకుండా. "అది వానల్లో ఆకు. వానల్లో ఆకు బేగి వాడదు గదా. ఒకాకు తోటే రెండు కొండలు దాటీగలం. ఇప్పుడు ఎండ. తెంపితే సాలు, వాడిపోతంది. దారి ఆ దారే బాబూ. వానల్లో మూడాకులు, ఎండల్లో ఎనిమిది."

"మరి ఆ మాట అప్పుడే చెప్పొద్దూ?"

"వానల్లో అడిగినావు, వానల్లోది సెప్పినాను. ఎండల్లో ఎల్తానని నువ్వు సెప్పనేదు."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ మంట ఎవరి మీదో ఇప్పుడు తెలుసు. అప్పుడు మాత్రం అతని మీదే అరిచాను. "ఇక ఆకులూ లేవు, గీకులూ లేవు. ఇదిగో గడియారం. నేను ఆగమన్నప్పుడే ఆగాలి. అక్కడ కనక కుంపట్లు పెట్టుకుని కూర్చునుంటుంది. నడవండి!"

సుక్రు పెట్టెల వైపు చూశాడు. "కోప్పడకు బాబూ. ఆకు వాడిపోయిందంటే పానమున్నదేదైనా ఆగాల. మా పెద్దోల్లు అందుకే..."

"నడవమన్నానా!"

నడిచారు. నేను వెనకాలే తరిమినట్టు నడిచాను. అది పోడు కొట్టిన కొండ. ఎక్కుడు దారి. పేరుకి కూడా నీడ లేదు. పెట్టెల మీద కప్పిన కొమ్మలు ఎండి గలగలమంటున్నాయి. సోంబరు ఒకటి రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాడు. నేను గడియారం చూపించాను. గంట దాటాక కిచకిచలు తగ్గాయి. పిల్లలు నిద్రపోయాయనుకున్నాను. ఏడేళ్ళ సర్వీసు ఉన్నవాణ్ణి, నిద్ర అనుకున్నాను.

గంటన్నర అయ్యేసరికి సోంబరు తనంతట తనే ఆగిపోయాడు. అంతవరకూ ఆ మనిషి నాతో ఒక్క మాట మాట్లాడలేదు.

"బాబూ, ఈ పెట్టి మాటాడ్డం నేదు," అన్నాడు.

మూత తీశాను. ఒక అరలో పాతికకు పంతొమ్మిది చచ్చి ఉన్నాయి. పక్క అరలో ఏడు. మిగిలినవి రెక్కలు వేలాడేసి, నోళ్ళు తెరుచుకుని రొప్పుతున్నాయి. సుక్రు మోసిన రెండు పెట్టెల్లోనూ అదే రొప్పు, కానీ ప్రాణాలున్నాయి.

ఇరవై ఆరు. ముప్పైలో ఇరవై ఆరు పోతే నాలుగు. దారి ఇంకా మూడాకులుంది. ఆ తరవాత మూడు రోజులుంది. కనక నేల మీద పేర్చిన చింతపిక్కలు గుర్తొచ్చాయి. నాకు చచ్చేంత సిగ్గేసింది. ఏడుపు కూడా వచ్చింది, దాచుకోలేదు.

"ఇప్పుడేం చెయ్యమంటావు సుక్రూ?" అన్నాను. నా సర్వీసులో ఒక కొండమనిషిని ఆ మాట అడగడం అదే మొదలు.

"ఆ గడియారం జేబులో ఎట్టీ బాబూ. ఎట్టీసి రా," అన్నాడు. ఎత్తిపొడుపు లేదు ఆ మాటలో.

పెట్టెలు మోసుకుని కొండ అవతలి వైపు వాగు పక్కకు దిగాం. తడి ఇసుక మీద పచ్చికొమ్మలు పరిచి, వాటి మీద పిల్లల్ని పలచగా వదిలాం. నా సంచిలో దూడల కోసం పెట్టుకున్న గ్లూకోజు పొట్లం ఉంది. నీళ్ళలో కలిపి, ఒక్కో పిల్లనీ పట్టుకుని ముక్కు ముంచి తీశాను. ముగ్గురం అరగంట అదే పని. రెండు పిల్లలు నా అరచేతిలోనే పోయాయి. ఇరవై ఎనిమిది. మిగిలిన రెండు వందల డెబ్భై రెండూ ఒక్కొక్కటే గొంతు విప్పాయి. ఆ రొద వింటూనే వాటిని మళ్ళీ పెట్టెల్లోకి ఎత్తాం.

అక్కణ్ణుంచి నేను సుక్రు భుజం మీది ఆకునే చూస్తూ నడిచాను. దారి లోయలోకి దిగింది. అక్కడ చెట్ల గుబురు, వాగు చల్లదనం. గంట దాటినా ఆకు వాడలేదు. సుక్రు ఆగలేదు. ఇంకాస్త త్వరగా ఆగితే మంచిదేమో అని నాకే భయం వేసి మూత ఎత్తి చూశాను. పిల్లలు చలాకీగా ఉన్నాయి. లోయ దాటి బోడికొండ మీదికి రాగానే అరగంటకే ఆకు తల వాల్చింది. సుక్రు టక్కున ఆగాడు. మూత ఎత్తితే, అప్పుడే నోళ్ళు తెరవబోతున్నాయి. గడియారం నీడనీ ఎండనీ ఒకేలా లెక్కపెడుతుంది. ఆకు అలా కాదు. లోపలున్న పిల్లలకు ఎంత ఎండ తగులుతోందో దానికీ అంతే తగులుతోంది. ఇంత సులువైన సంగతి నాకు ఇరవై ఎనిమిది పిల్లలు పోయాక గానీ బుర్రకెక్కలేదు.

ఆ మూడాకుల దారిలో ఒక్క పిల్ల కూడా చావలేదు.

పొద్దు వాలుతూండగా మద్దిపుట్టు చేరాం. కోడిపిల్లల కోసం వేసిన షెడ్డు ముందు ఊరి ఆడవాళ్ళందరూ నిలబడి ఉన్నారు. కనక మధ్యాహ్నం నుంచి కుంపట్లు ఆరనివ్వకుండా బొగ్గులు వేస్తూనే ఉందట. మొహమంతా మసి. పెట్టెలు లోపలికి తీసుకుపోయి, నేను నేర్పినట్టే ఒక్కో పిల్లనీ తడిక లోపల వదిలింది. ఆ తరవాత దొన్నెలో పోసిపెట్టుకున్న పిక్కలు నా ముందుకు తెచ్చింది.

"ఎన్ని?"

"ఇరవై ఎనిమిది," అన్నాను.

ఇరవై ఎనిమిది పిక్కలు తీసి పక్కన పెట్టింది. దొన్నెలో రెండు మిగిలాయి. ఆవిడ సుక్రు వైపు తిరిగి వాళ్ళ భాషలో ఏదో అడిగింది. సుక్రు ఒక్క ముక్క చెప్పాడు. "ఖరా." ఆ మాట నాకు తెలుసు. ఎండ అని అర్థం. నన్ను కాపాడాడు. తను మోసిన బరువు మీద ఆ అబద్ధం కూడా మోశాడు నా కోసం. అది నాకు తిట్టుకన్నా ఎక్కువ తగిలింది.

"ఎండ కాదు కనకా," అన్నాను. "మూడాకుల దగ్గర సుక్రు ఆగుదామన్నాడు. నేను ఆగనివ్వలేదు. అక్కడ పోయినవే అన్నీ."

"ఆకు కాడ ఆగినప్పుడు ఎన్ని సచ్చినాయి?"

"ఒక్కటీ లేదు."

ఆవిడ కోప్పడలేదు. దొన్నె తీసి చూరులో పెట్టి, "అంబలి తాగు బాబూ. పొద్దున్ననగా తిన్నావు," అని కుంపటి దగ్గరికి వెళ్ళిపోయింది.

మూడు రోజులూ అక్కడే ఉన్నాను. మేత కలిపాను, నీళ్ళు మార్చాను, వేడి ఎక్కువైతే తడిక జరిపాను. ఒంట్లో నీరసంగా ఉన్న పిల్ల ఒకటి రెండో రోజు మధ్యాహ్నం పోయింది. కనక లేచి వెళ్ళి దొన్నెలోంచి ఒక పిక్క తీసింది. ఇంకొక్కటి మిగిలింది. అక్కణ్ణుంచి మూడో రోజు సాయంత్రం దాకా ఆ షెడ్డు దగ్గర గట్టిగా మాట్లాడినవాళ్ళు లేరు. సోంబరు దగ్గొస్తే దూరం పోయి దగ్గి వచ్చాడు. సాయంత్రం తలుపు దగ్గర కూర్చుని కనకా నేనూ లెక్కపెట్టాం. రెండు వందల డెబ్భై ఒకటి. నమ్మకం లేక మళ్ళీ లెక్కపెట్టాం. రెండు వందల డెబ్భై ఒకటే. పథకం ఊరికి నిలిచింది. కనక మిగిలిన ఆ ఒక్క పిక్కా కొంగున ముడేసుకుని, అప్పుడు నవ్వింది.

అరకు వచ్చాక మరణాల నివేదిక రాయాలి. అచ్చు వేసిన ఫారం. ఎన్ని చచ్చాయి, ఎప్పుడు, ఎక్కడ, కారణం. కారణం గడి దగ్గర నా కలం ఆగిపోయింది.

"వడదెబ్బ అని రాసి పడెయ్యవయ్యా," అన్నారు డాక్టరుగారు. జరిగిందంతా ఆయనకు చెప్పేశాను, టీ కొట్టూ జలగలతో సహా. తిడతారనుకున్నాను. తిట్టారు కూడా. తిట్టాక ఈ సలహా ఇచ్చారు.

వడదెబ్బ అని రాస్తే తప్పు సూర్యుడిది అవుతుంది. నా పట్టిక గోడ మీద అలాగే ఉంటుంది. వచ్చే మార్చిలో ఇంకెవడో దాన్ని చూసి, ఇంకో కొండకు, రెండున్నర గంటలని పిల్లల్ని మోయిస్తాడు. అందుకని కారణం గడిలో 'తొందర' అని రాశాను. పట్టిక కూడా కొత్తది వేశాను. ఈసారి ఎర్రసిరా లేదు. మద్దిపుట్టు కాలిదారి దగ్గర దూరం గడీ కాలం గడీ కలిపేసి, 'వానల్లో మూడాకులు, ఎండల్లో ఎనిమిది' అని రాశాను. రాస్తూంటే ఆ విమానం ఆయన జ్ఞాపకం వచ్చాడు. ఎంత దూరమంటే నలభై నిమిషాలన్నాడు, ఎదురుగాలి ఉంటే నలభై ఐదన్నాడు. సుక్రు చెప్పిందీ అదే లెక్క. ఆ ఇద్దరి మధ్యా కిలోమీటర్లు పట్టుకుని తిరిగినవాణ్ణి నేనొక్కణ్ణే. డాక్టరుగారు రెండు కాగితాలూ చూసి, గొణుక్కుంటూనే సంతకం పెట్టారు.

నెలన్నరకు పైనుంచి జవాబు వచ్చింది. 'జాబితాలో ఇట్టి వ్యాధి లేదు. ఆకు అను కొలత లేదు. సరిచేసి పంపవలెను.'

ఆ కాగితం జేబులో పెట్టుకునే జూన్‌లో మద్దిపుట్టు వెళ్ళాను, పిల్లలకు టీకాలు వెయ్యడానికి. తొలకరి పడింది. భుజాన మద్దికొమ్మ వేసుకుని నడిచాను. నాలుగాకులే అయింది. పిల్లలు పెట్టలంత ఎదిగి షెడ్డు చుట్టూ కెలుకుతున్నాయి. టీకాలు అయ్యాక సంచి సర్దుతూంటే కాగితం జారి కింద పడింది. కనక తీసి ఇస్తూ, "ఏటి బాబూ ఇది?" అంది.

"మీ పిల్లలు దేనివల్ల చచ్చాయో రాసి పంపాను. జాబితాలో అటువంటి రోగం లేదని తిప్పి కొట్టారు."

"ఏ రోగమని రాసినావు?"

"తొందర."

కనక చాటలోని నూకలు కోళ్ళకు విసిరి, చేతులు దులుపుకుంది.

"నేకపోడమేటి?" అంది. "మొన్న ఎండల్లో నీ ఎనకాలే మా కొండెక్కి ఒచ్చింది గదా. నానే సూసినాను."